గిరిజన శిశువుల ఆహారం: అంగన్‌వాడీలో నేర్పవలసిన పాఠం

మనిషి పుట్టుకతో వెంట తెచ్చుకొనే రుచులు చాల కొద్ది. అప్పుడే పుట్టిన శిశువుకు తీపి ఇష్టం, చేదు అయిష్టం. ఇంతకు మించి ప్రకృతి నేర్పి పంపినది స్వల్పమే. గోంగూర పులుపు, మెంతికూర చేదు, ఆవకాయ కారం, ఉలవచారు ఘాటు, పులిసిన అంబలి వాసన ఇవన్నీ పెరుగుతూ నేర్చుకొన్న రుచులు. ఒక ఇంటి పిల్లవాడు ప్రీతితో తినే పదార్థాన్ని పొరుగూరి పిల్లవాడు నోట పెట్టకపోవడానికి సాధారణంగా కారణం నాలుకలలోని భేదం కాదు. ఆ ఇద్దరూ వేరువేరు వంటిండ్లలో పెరిగారు.

ఈ చదువుకు తగిన కాలమొకటి ఉన్నది. ఆరవ నెల నిండి, తల్లిపాలతోబాటు మెత్తని ఆహారం పెట్టడం మొదలైన నాటినుండి అయిదారేండ్ల వయసువరకు రుచులు చురుకుగా ఏర్పడుతాయి. శరీర నిర్మాణంలో అతి ముఖ్యమైన ఘట్టం కూడ ఈ కాలంలోనే జరుగుతుంది. రెండేండ్లు నిండేసరికి శిశువు మెదడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగింట మూడు వంతుల పరిమాణాన్ని అందుకొంటుంది. ఆ వయసులో ఎదుగుదల వెనుకబడిన బిడ్డ తరువాత ఎంత తిన్నా ఆ లోటును పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. కనుక పసిబిడ్డకు ఏమి పెట్టాలి, ఎట్లా పెట్టాలి అనే ప్రశ్న ఒక్క తల్లికి మాత్రమే సంబంధించినది కాదు. బిడ్డ పగటివేళ గడిపే శిశు సంరక్షణ కేంద్రానికి కూడ అందులో భాగం ఉన్నది.

గిరిజన గ్రామాలలో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురవుతున్నది. 2019–21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. షెడ్యూల్డు తెగల పిల్లలలో ఈ సంఖ్య 40.9. అదే సర్వేలో ఆరు నెలలనుండి అయిదేండ్ల లోపు పిల్లలందరిలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆదిలాబాదు అడవులలోని గోండు, కొలాము పిల్లలు, గోదావరి తీరపు కోయ, కొండరెడ్డి పిల్లలు, మన్యంలోని సవర, జాతాపు, బగత పిల్లలు, నల్లమలలోని చెంచు పిల్లలు ఈ లెక్కలలో చేరినవారే.

మూకుడులోనుండి తొలగిన ధాన్యాలు

కొండవాలులో పోడు చేసే గిరిజనుడు ఒకే పంట వేసేవాడు కాదు. ఒకే చెలకలో చోళ్ళు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, అలసందలు, గుమ్మడి కలిసి పెరిగేవి. రాగులనే ఉత్తరాంధ్ర మన్యంలో చోళ్ళనీ, తెలంగాణలో తైదలనీ అంటారు. అడవి ఆకుకూరలు, దుంపలు, వెదురు చిగుళ్ళు, తునికిపండ్లు, తేనె, వాగు చేపలు ఋతువును బట్టి వీటికి తోడయ్యేవి. ధాన్యం, పప్పు, నూనెగింజ, ఆకుకూర, పండు అన్నీ కొద్దికొద్దిగా ఇంటిలోకి వచ్చేవి.

ఆ కాలమంతా స్వర్ణయుగమని అనుకోరాదు. పంట చేతికి రాని వర్షాకాలపు నెలలలో ఆకలి ఉండేది. జీలుగుచెట్టు మొవ్వును దంచి తీసిన పిండితోనూ, మామిడి టెంకలలోని జీడిని నానవేసి చేసిన జావతోనూ కొండరెడ్లు ప్రాణాలు నిలుపుకొన్న రోజులున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు ఆ ఆకలికి ఒక అడ్డుకట్ట ఏర్పడింది. ఇది కాదనలేని మేలు.

అయితే, మేలుతోబాటు ఒక మార్పు కూడ వచ్చింది. చౌకగా దొరికే తెల్లని బియ్యం ముందు చోళ్ళు, సామలు వెనుకకు తగ్గాయి. వాటిని దంచడం, చెరగడం శ్రమతో కూడిన పని. పోడు భూములు తగ్గడం, జీడిమామిడి, ప్రత్తి వంటి వ్యాపార పంటలు పెరగడం కూడ ఇందుకు తోడ్పడినాయి. నూరు గ్రాముల రాగులలో సుమారు 340నుండి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిషు పట్టిన బియ్యంలో అది సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకలు, పండ్లు ఏర్పడే వయసులో, పాలు అరుదైన ఇంటిలో, ఈ భేదం చిన్నది కాదు.

బియ్యాన్ని తెల్లగా పాలిషు పట్టడం వలన కలిగే నష్టం తెలుగువారికి క్రొత్త కాదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి కనిపించేది. బియ్యపు పైపొరతోబాటు థయమిన్ అనే విటమిను తొలగిపోవడమే దానికి కారణమని పరిశోధనలు తెలిపాయి. మెకారిసన్ 1918లో కూనూరులో ఆరంభించిన పరిశోధన కూడ మొదట బెరిబెరిని గురించినదే. ఆ సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది.

చిరుధాన్యం ఒక్కటే సర్వరోగ నివారిణి అనుకోవడం కూడ పొరపాటే. దక్కను పీఠభూమిలో జొన్నలనే ముఖ్యాహారంగా తిని, ఇతర పదార్థాలు అంతగా దొరకని పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి ఉండేది. జొన్నలో లూసిన్ అనే ఆమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నదని 1960లో హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంటియా సూచించారు. ఏ ధాన్యమైనా ఒంటరిగా చాలదు. పోడు చెలకలోని బలం అందులోని ఏ ఒక్క గింజదో కాదు, అన్ని గింజలూ కలిసి ఉండడంలోనే ఉన్నది.

మూడవ నష్టం తూకానికి రానిది. బయటినుండి వచ్చినవారు అంబలిని, అడవి దుంపను, ఎండు చేపను నీచంగా చూచినప్పుడు, ఆ చూపును పిల్లవాడు త్వరగా గ్రహిస్తాడు. తన ఇంటి తిండి తక్కువదని ఒకసారి మనసులో పడితే, దాని బదులు అతడు కోరేది గుడ్డో పండో కాదు. సంతలో రంగు కాగితంలో చుట్టి అమ్మే ఉప్పు, నూనె, చక్కెర చిరుతిండి.

నాలుక ఎట్లా నేర్చుకొంటుంది?

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో ఆరంభమైంది. అందులోనుండి అంగన్‌వాడీ పుట్టింది. అంగన్ అంటే ముంగిలి. మూడునుండి ఆరేండ్ల పిల్లలు అక్కడ ఆడుకొంటారు, పాటలు నేర్చుకొంటారు, వేడి అన్నం తింటారు. అంతకన్న చిన్నవారికి, గర్భిణులకు, బాలింతలకు కూడ అక్కడినుండే ఆహారం అందుతుంది.

పది పదిహేనుమంది పిల్లలు వరుసగా కూర్చుని తినే ఈ చోటు రుచులు నేర్పడానికి మంచి బడి. ఇందుకు శాస్త్రీయమైన ఆధారాలున్నాయి. అమెరికాలో లీన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఈ విషయమై ఎన్నో ప్రయోగాలు చేసింది. 1980లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఒక కూరను ఇష్టపడని పిల్లవానిని, ఆ కూరను ఇష్టపడే పిల్లల మధ్య నాలుగు రోజులు భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ బోధించలేదు. అయినా పిల్లవాని ఎంపిక తోటివారి ఎంపిక వైపు మొగ్గింది.

1982లో ఆమె, ఆమె సహచరురాలు కలిసి రెండేండ్ల పిల్లలకు వారెరుగని ఆహార పదార్థాలను పెట్టారు. కొన్నిటిని రెండుసార్లు, కొన్నిటిని పదిసార్లు, కొన్నిటిని ఇరవైసార్లు రుచి చూపారు. ఎక్కువసార్లు రుచి చూచిన పదార్థమే ఎక్కువ ఇష్టమైంది. మొదటి మూడు రోజులు పిల్లవాడు మునగాకు పప్పును ఉమ్మివేస్తే, వాడికి అది పడదని తీర్మానించడం తొందరపాటు. ఎనిమిది, పది, పదిహేనుసార్లు కొద్దికొద్దిగా ముందు పెట్టిన తరువాతగాని ఆ తీర్పు చెప్పరాదు.

1984లో వెలువడిన మరొక ప్రయోగం ఇంకొక విషయం తెలిపింది. ఒక పానీయం త్రాగితే బహుమానం ఇస్తామని పిల్లలకు చెప్పారు. బహుమానం కోసం త్రాగినవారికి ఆ పానీయంపై ఇష్టం పెరగలేదు, తగ్గింది. "కూర తింటే బిస్కట్టు ఇస్తాను" అని చెప్పడంలో దాగిన అర్థాన్ని పిల్లవాడు చక్కగా గ్రహిస్తాడు. కూర శిక్ష, బిస్కట్టు బహుమతి! బలవంతం, బెదిరింపు, తినకపోతే సిగ్గుపరచడం కూడ ఇటువంటి ఫలితాన్నే ఇస్తాయి.

ఈ ప్రయోగాలన్నిటినుండి అంగన్‌వాడీకి కొన్ని సూత్రాలు దొరుకుతాయి. క్రొత్త పదార్థాన్ని తెలిసిన పదార్థంతో కలిపి, ఒక ముద్ద మాత్రమే పెట్టాలి. వద్దంటే ఊరుకొని, రెండు రోజుల తరువాత మళ్ళీ పెట్టాలి. ఇష్టంగా తినే బిడ్డ ప్రక్కన అయిష్టపడే బిడ్డను కూర్చోబెట్టాలి. కార్యకర్త, ఆయా కూడ పిల్లలతో కూర్చుని అదే కూర తినాలి. పదార్థం పేరును పిల్లల ఇంటి భాషలో, అంటే గోండిలో, కోయలో, సవరలో, కువిలో చెప్పాలి. పేరు తెలిసిన తిండి సగం పరిచయమైన తిండి.

ఇంటిలో ఎరిగిన రుచితో మొదలు పెట్టిన పాఠం సులభంగా సాగుతుంది. బియ్యపు అన్నం, పలుచని పప్పునీరు మాత్రమే ఎప్పుడూ పెట్టే కేంద్రంలో పిల్లవాడు క్రొత్తగా నేర్చుకొనేది ఏమీ లేదు. ఇంటిలో నేర్చుకొన్నది మరచిపోవడమే జరుగుతుంది.

చిన్న కడుపు, పలుచని జావ

బిడ్డ ఇష్టపడి తిన్నా చాలినంత శక్తి అందకపోవచ్చు. దీనికి కారణం కడుపు పరిమాణంలో ఉన్నది. శిశువు జీర్ణాశయం ఒకసారికి కిలో బరువుకు సుమారు 30 గ్రాముల ఆహారాన్ని పట్టగలదని లెక్క కడతారు. పది కిలోల బిడ్డ ఒక పూట తినగలిగేది సుమారు 300 గ్రాములు. అది ఎంత చిక్కగా ఉన్నదనే దానిపై బిడ్డ ఎదుగుదల ఆధారపడి ఉంటుంది.

నూరు మిల్లీలీటర్ల నీటిలో పది గ్రాముల రాగిపిండి కాచి జావ చేస్తే అందులో ఉండేది సుమారు 35 కేలరీలు. బిడ్డ కడుపునిండా త్రాగినా అందేది నూరు కేలరీలు మాత్రమే. కడుపు నిండింది, ఏడుపు మానింది, కాని ఒళ్ళు పెరగదు. పిండిని రెట్టింపు చేస్తే కేలరీలు కూడ రెట్టింపు అవుతాయి. కాని అప్పుడు జావ సంకటివలె గట్టిపడి పసివాని గొంతు దిగదు. వేడికి పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బడమే ఈ గట్టితనానికి హేతువు.

ఈ చిక్కుకు పరిష్కారం మన పల్లెలకు పూర్వంనుండి తెలుసు. రాగులను ఒక రాత్రి నానవేసి, తడిగుడ్డలో ఒకటి రెండు రోజులు మూటకట్టి ఉంచితే మొలకలు వస్తాయి. వాటిని ఆరబెట్టి, మొలకలను నలిపివేసి, పిండి కొట్టాలి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. గింజలో నిలువ ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టి మొక్కకు అందించడం దాని పని. ఈ మొలక పిండిని ఒక చెంచాడు, గోరువెచ్చకంటె కొంత ఎక్కువ వేడిగా ఉన్న చిక్కని జావలో కలిపితే, అది జావలోని పిండిపదార్థాన్ని కూడ విడగొడుతుంది. కొద్ది నిమిషాలలో జావ పలుచబడుతుంది; శక్తి మాత్రం తగ్గదు. మరుగుతున్న జావలో వేసినా, పిండిని మాడేటట్లు వేయించినా ఎంజైము నశించి ఈ గుణం పోతుంది. పలుచబడిన జావను తరువాత ఒకసారి పొంగనిచ్చి, తగినంత చల్లారిన పిమ్మట పిల్లలకు పెట్టడం క్షేమకరం.

ఉన్నత పాఠశాలలో ఈ విషయాన్ని ప్రయోగం చేసి చూపవచ్చు. ఒకే చిక్కదనం గల జావను రెండు గ్లాసులలో తీసుకొని, ఒకదానిలో మామూలు రాగిపిండి, రెండవదానిలో మొలక పిండి చెంచాడు చొప్పున కలపాలి. పదిహేను నిమిషాల తరువాత రెండిటినీ వంచి చూస్తే భేదం కంటికి కనబడుతుంది. రెండిటినుండి కొద్దిగా తీసి, నీటితో పలుచన చేసి, అయొడీను చుక్క వేయాలి. మొదటిది ముదురు నీలంగా మారుతుంది. రెండవదానిలో పిండిపదార్థం విడిపోయినకొద్దీ నీలం తగ్గి ఎరుపు, గోధుమ వన్నెలు కనిపిస్తాయి. అయొడీను వేసిన నమూనాలను పారవేయాలి. జీవశాస్త్రంలో అమైలేజ్ గురించి చదివే విద్యార్థికి ఆ పాఠం తన చెల్లెలి జావగిన్నెలో ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

మొలకెత్తించడం వలన ఫైటిక్ ఆమ్లం కూడ కొంత తగ్గి, ఇనుము శరీరానికి మెరుగుగా అందుతుంది. ఆకుకూరలు, పప్పులలోని ఇనుము గ్రహింపబడడానికి సి విటమిను తోడ్పడుతుంది. కాబట్టి భోజనంతోబాటు ఒక ఉసిరికాయ ముక్క, జామపండు, లేదా నిమ్మరసం ఉండడం మంచిది. భోజనంతో టీ ఇస్తే అందులోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. పసిపిల్లలకు టీ త్రాగించే అలవాటును కేంద్రంలోనే కాదు, ఇంటిలో కూడ మాన్పించవలసి ఉన్నది.

ఒక పూట భోజనం: లెక్క

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం మూడునుండి ఆరేండ్ల బిడ్డకు అంగన్‌వాడీలో రోజుకు 500 కేలరీలు, 12నుండి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిర్దేశించింది. 2023లో ఆ షెడ్యూలును సవరించి సూక్ష్మపోషకాలకు కూడ చోటు కల్పించారు. ఈ అంకెలు ఒక పళ్ళెంలో ఎట్లా కనిపిస్తాయో చూడవచ్చు.

సామలు గాని, రాగులు గాని, బియ్యం గాని 60 గ్రాములు తీసుకొంటే సుమారు 207 కేలరీలు, నాలుగున్నర గ్రాముల మాంసకృత్తులు. కందిపప్పు 20 గ్రాములకు 67 కేలరీలు, 4.4 గ్రాముల మాంసకృత్తులు. నూనె ఒక చెంచా, అంటే 5 గ్రాములకు 45 కేలరీలు. ఆకుకూర 30 గ్రాములకు 10 కేలరీలు, సుమారు ఒక గ్రాము మాంసకృత్తులు. చిరుతిండిగా వేరుసెనగ పప్పు 12 గ్రాములు, బెల్లం 10 గ్రాములు కలిపి దంచి ఉండ చేస్తే సుమారు 100 కేలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు. మొత్తం సుమారు 430 కేలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు. దీనికి ఒక కోడిగుడ్డు చేర్చితే సుమారు 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు పెరిగి, లెక్క 500 కేలరీలకు చేరుతుంది. గుడ్డు మాంసకృత్తులు నాణ్యమైనవి. బిడ్డ దేహం వాటిని బాగా వినియోగించుకొంటుంది.

ఇందులో దూరదేశంనుండి తెప్పించవలసిన వస్తువు లేదు. కందులు పోడు పంటే. చింతపల్లి, అరకు ప్రాంతాలలో రాజ్‌మా చిక్కుళ్ళు పండుతాయి. మునగ, బొప్పాయి, గుమ్మడి పెరటిలో పెరుగుతాయి. వేరుసెనగ పప్పును మాత్రం పసిపిల్లలకు గింజలుగా పెట్టరాదు. గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నది. దంచియే పెట్టాలి.

ఇటువంటి ప్రయత్నాలు కొన్ని జరిగాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం చేపట్టి, 2020లో కియోంఝర్ జిల్లా అంగన్‌వాడీలలో పిల్లలకు రాగి లడ్డూలు పెట్టడం మొదలు పెట్టింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 77 గిరిజన మండలాలకు ప్రత్యేకించి ఒక పోషణ పథకం ఆరంభించింది. కేంద్రానికి కావలసిన రాగులను ఆ మండలంలోనే కొంటే, రైతు మరల చోళ్ళు చల్లడానికి కారణం దొరుకుతుంది. అప్పుడు అదే గింజ ఇంటి పొయ్యిమీదకు కూడ తిరిగి వస్తుంది.

నాటిన చేతికి తినడం వస్తుంది

గిరిజన శిశువుల ఆహార సమస్య ఒక్క మన దేశానిదే కాదు. అమెరికాలోని ఆదిమవాసులను వారి వేట భూములనుండి తొలగించి, ప్రభుత్వం ఇచ్చే మైదాపిండి, పందికొవ్వు, చక్కెరలపై బ్రతకవలసిన స్థితికి తెచ్చిన చరిత్ర ఉన్నది. తరువాతి తరాలలో వారిని పీడించినది ఎక్కువగా స్థూలకాయం, మధుమేహం. మన్యంలోని బక్కచిక్కిన బిడ్డ, అక్కడి స్థూలకాయపు బిడ్డ చూడడానికి వేరైనా, ఇద్దరి కథలోనూ తమ పంట తమ పళ్ళెంనుండి తొలగిపోవడం ఉన్నది.

ఒక్లహోమా రాష్ట్రంలోని ఒసేజ్ జాతివారు 2010 దశకపు చివరి సంవత్సరాలలో విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఒక ప్రయత్నం చేశారు. మూడునుండి ఆరేండ్ల పిల్లలుండే తమ శిశు కేంద్రాలలో కూరగాయల మడులు వేసి, పిల్లలచేత విత్తించి, నీరు పోయించి, కోయించి, రుచి చూపారు. తల్లిదండ్రులకు కూడ వంట పాఠాలు ఏర్పాటు చేశారు. పథకాన్ని బయటివారు తయారుచేసి ఇవ్వక, జాతివారే పాల్గొని రూపొందించడం దీని విశేషం.

మన అంగన్‌వాడీ వాకిట కూడ నాలుగు మునగ మొక్కలు, ఒక బొప్పాయి, చిక్కుడు పాదు, తోటకూర మడి పెరగగలవు. చేతులు కడిగిన నీరే వాటికి చాలవరకు సరిపోతుంది. తాను నీరు పోసిన తోటకూరను తినడానికి పిల్లవానికి ఉపన్యాసం అక్కరలేదు.

అడవి ఆహారం విషయంలో ఊరి వృద్ధస్త్రీలే గురువులు. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుందో, ఏ దుంపను ఊరకే ఉడికించవచ్చో, ఏ దుంపను ముక్కలు కోసి పారే నీటిలో ఉంచితేగాని విషం పోదో వారికి తెలుసు. ఈ జ్ఞానం లేనివారు అడవి దుంపలను వండడం ప్రమాదకరం. నెలకు ఒకసారి అటువంటి అవ్వను కేంద్రానికి పిలిచి, ఆమెచేత ఒక వంట చేయిస్తే, పిల్లలకు తిండి, కార్యకర్తకు జ్ఞానం, అవ్వకు గౌరవం మూడూ దక్కుతాయి.

తల్లి పొలం వెళ్ళినప్పుడు

మూడేండ్ల లోపు బిడ్డల సంగతి మరింత చిక్కైనది. విత్తులు చల్లే వేళ, కలుపు తీసే వేళ తల్లి తెల్లవారకముందే కొండ ఎక్కుతుంది. బిడ్డ ఎనిమిదేండ్ల అక్క చంకలో ఉంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా తినిపించవలసిన వయసులో ఆ బిడ్డ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తింటుంది. ఇంటిలో గింజలున్నా తినిపించే చేయి లేదు. పైగా ఆ అక్క బడికి దూరమవుతుంది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2012లో సర్గుజా ప్రాంతపు గిరిజన పల్లెలలో ఫుల్వారీలనే శిశు గృహాలను ఆరంభించింది. అక్కడ ఊరి తల్లులే వంతులవారీగా పిల్లలను చూచుకొని, వండి తినిపిస్తారు. ఒక తల్లి ఒక దినం పని మానితే, తక్కినవారు నిశ్చింతగా పొలం వెళ్ళగలరు. నూనె కలిపిన మెత్తని ఆహారం బిడ్డకు పగటిపూట రెండు మూడుసార్లు అందుతుంది.

తినిపించడంతోబాటు చేతుల శుభ్రత, మంచినీరు కూడ చూడాలి. విరేచనాలు పట్టుకొన్న బిడ్డకు ఆకలి మందగిస్తుంది, తిన్నది ఒంటబట్టదు. నీరసించిన బిడ్డకు మరల జబ్బు చేస్తుంది. ఈ వలయాన్ని త్రెంచడంలో సబ్బుముక్క కూడ గుడ్డుతో సమానమైన పాత్ర వహిస్తుంది.

ఉపాధ్యాయులు చేయదగినది

అంగన్‌వాడీ పిల్లలకు అన్నలు, అక్కలు ఉన్నత పాఠశాలలలో, ఆశ్రమ పాఠశాలలలో ఉన్నారు. వారిద్వారా ఈ విషయాలు ఇంటిలోకి సులభంగా ప్రవేశిస్తాయి. రాగులు మొలకెత్తించడం, జావ ప్రయోగం, భోజనపు కేలరీల లెక్క తరగతిలో చేయించదగినవి. తమ ఊరిలో తినే ధాన్యాల, ఆకుకూరల, దుంపల పేర్లను తమ భాషలోనూ తెలుగులోనూ విద్యార్థులచేత సేకరింపజేస్తే, అది వృక్షశాస్త్రమూ, భాషా పాఠమూ అవుతుంది.

ఒక చిన్న కొలత కూడ వారికి నేర్పవచ్చు. ఆరు నెలలనుండి అయిదేండ్ల లోపు బిడ్డ ఎడమ చేతి దండ నడిమి భాగపు చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషణ లోపమున్నట్లు, 11.5 సెంటీమీటర్లకు తగ్గితే అది తీవ్రమైనట్లు భావిస్తారు. అటువంటి బిడ్డ కనిపిస్తే వెంటనే అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆరోగ్య కార్యకర్తకు తెలియజేయాలి. తీవ్ర స్థితిలో ఉన్న బిడ్డకు ఇంటి వైద్యం చాలదు, ఆస్పత్రికి చేర్చాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఉపాధ్యాయుని మాట. అంబలి తెచ్చుకొన్న పిల్లవానిని చూచి తరగతిలో ఎవరైనా నవ్వితే, ఆ అంబలిలో ఎంత కాల్షియం ఉన్నదో, పులియడం వలన అందులో ఏ మార్పు జరిగిందో ఆ నిమిషంలోనే చెప్పగలగాలి. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికి వెళ్ళి తమ్మునికి జావ పట్టేటప్పుడు అది తక్కువ తిండి అని అనుకోకూడదు. అంగన్‌వాడీ పెట్టే పప్పు, గుడ్డు, ఆకుకూర ఆ ఇంటి చోళ్ళకు తోడు కావాలి, వాటిని తొలగించేవి కాకూడదు. పిల్లలకు ఏది పెట్టాలో చెప్పే శాస్త్రం, ఆ పిల్లల ఊరిలో ఏది పండుతుందో ముందు తెలుసుకొన్నప్పుడే పల్లెకు ఉపయోగపడుతుంది.